ఇతర కారణాలు

మా నాయనకు ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటాడు. పోయిన మే నెలలో ఆ మిషన్ పాడైంది. కొన్న షాపు తిరుపతిలో ఉంది. వాళ్లు దాన్ని చెన్నైలో సర్వీస్ సెంటర్‌కి పంపించారు. బాగు చేశాక అక్కడినుంచే నేరుగా ఇంటికి కొరియర్ చేస్తారనీ, మూడు నాలుగు రోజుల్లో వచ్చేస్తుందనీ చెప్పారు. చెన్నైలో బయల్దేరిన రోజునుంచి మా ఇంటి అరుగు మీదకి రావడానికి దానికి 26 రోజులు పట్టింది. చెన్నైనుంచి మా ఊరికి బస్సులో వస్తే మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు.

ఆ 26 రోజుల్లో ట్రాకింగ్ పేజీని చదివినంత శ్రద్ధగా ఈ మధ్య నేను ఏ నవలనీ చదవలేదు.

మా ఊరు పాకాల దగ్గర. తిరుపతికీ చిత్తూరుకీ ఇంచుమించు మధ్యలో. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా మండలం చిత్తూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పిన్ కోడ్ మాత్రం మారలేదు. చిత్తూరుది 517001, తిరుపతిది 517501, మాదీ 517తో మొదలయ్యేదే. మనుషులకి ఇందులో ఇబ్బందేమీ లేదు. మా నాయన ఇప్పటికీ చిత్తూరు జిల్లా అనే రాస్తాడు, ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఇబ్బంది పడింది కొరియర్ కంపెనీ సాఫ్ట్‌వేర్. అడ్రసులో తిరుపతి జిల్లా అని ఉంది. పిన్ చూస్తే వాళ్ల పాత పట్టికలో చిత్తూరు అని ఉన్నట్టుంది. మూడో రోజు తిరుపతి హబ్‌కి చేరిన డబ్బా నాలుగో రోజు చిత్తూరు హబ్‌లో తేలింది. ఆరో రోజు మళ్లీ తిరుపతి వచ్చింది. రెండుసార్లూ మా ఊరి పక్కనుంచే పోయుంటుంది.

ఇంట్లో నాయన ఒక్కడే ఉన్నాడు. చెల్లెలి కాన్పుకని అమ్మ నెల్లూరు పోయింది. నేను బెంగళూరులో. ఫోన్ చేస్తే వినపడదు కాబట్టి ఇద్దరం వాట్సాప్‌లో రాసుకునేవాళ్లం. ఆయన రిటైరైన లెక్కల అయ్యోరు. మెసేజ్‌కి కూడా చివర చుక్క పెడతాడు.

ఏడో రోజు ట్రాకింగ్‌లో "అవుట్ ఫర్ డెలివరీ" అని వచ్చింది. నాయనకు రాశాను. "సరే. అరుగు మీద కూర్చుంటాను." అన్నాడు. సాయంత్రం ఆరింటికి పేజీ మారింది: "కస్టమర్ నాట్ రెస్పాండింగ్." ఎనిమిదో రోజు: "అడ్రస్ ఇన్‌కంప్లీట్." తొమ్మిదో రోజు: "కస్టమర్ రెఫ్యూజ్డ్." ఆ కిందే, మూడు నిమిషాల తేడాతో: "ఆర్టీఓ ఇనిషియేటెడ్."

ఆర్టీఓ అంటే రిటర్న్ టు ఆరిజిన్, పంపినవాళ్లకే వెనక్కి పోవడం. స్క్రీన్‌షాట్ నాయనకు పంపితే ఆయన రాసిన జవాబు: "నా చెవి మిషన్ ఆర్టీఓ ఆఫీసుకు ఎందుకు పోయింది. దానికి లైసెన్సు లేదా." నవ్వొచ్చింది. ఆ కిందే ఇంకో మెసేజ్: "మూడు దినాలూ నేను ఇంటి ముందరే ఉండాను. ఎవురూ రాలే."

*

కథల గురించి, నవలల గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను కాబట్టి నాకు ఒక జబ్బుంది. చెప్తున్నవాడిని అనుమానించకుండా ఏదీ చదవలేను. ట్రాకింగ్ పేజీ చదువుతుంటే కూడా అదే పని చేశాను. అందులో కర్త ఉండడు. డబ్బా "పంపబడింది", "చేర్చబడింది", "ప్రయత్నించబడింది". ఎవరు ప్రయత్నించారు, ఏ గేటు దాకా వచ్చారు, ఎన్నిసార్లు పిలిచారు? ఏమీ ఉండదు. అన్నీ జరిగినట్టే ఉంటుంది, చేసినవాళ్లు మాత్రం ఎక్కడా కనిపించరు. కర్త కనిపించే వాక్యాలు మూడే. ఆ మూడింటిలోనూ తప్పు చేసిన కర్త కస్టమరే. ఫోనుకి పలకలేదు, అడ్రసు సరిగ్గా రాయలేదు, వద్దన్నాడు.

అబద్ధాలకోరు చెప్పిన కథ ఇది అని తీర్మానించుకుని, పదో రోజు రాత్రి తిరుపతి బస్సెక్కాను. 

బస్సులో నిద్ర పట్టక కొరియర్ రశీదు వెనకాల సన్నక్షరాలు చదివాను. షాపువాళ్లు ఫోటో తీసి పంపారు. పార్శెల్ పోతే మహా అయితే ఇంత ఇస్తాం, ఆలస్యానికి బాధ్యత మాది కాదు అని ఒక షరతు ఉంది. ఇలాంటి షరతు చెల్లుతుందా అని వెతికితే, భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దొరికింది. కొరియర్ కాయితం మీద సంతకం పెట్టాక దానిమీదున్న పరిమితికి మనం ఒప్పుకున్నట్టే అని దాని సారాంశం. ఆ కేసులో పరిమితి 100 డాలర్లు. సర్కారీ తపాలా విషయంలో ఇంకా పాత కథ. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆరో సెక్షన్, పోయినా, ఆలస్యమైనా, తప్పు చోట ఇచ్చినా, పాడైనా ప్రభుత్వానికి బాధ్యత లేదని చెప్పింది, కొన్ని మినహాయింపులతో. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. తెల్లదొరల నాటి చాలా సెక్షన్లు ఎగిరిపోయాయి గానీ బాధ్యత లేదన్న మాట అందులోనూ ఉంది. 125 ఏళ్లు దాటినా మనం ఉత్తరాలూ డబ్బాలూ నమ్మకం మీదే పంపుకుంటున్నాం. చట్టం ఆ నమ్మకానికి పూచీ పడలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. నేను ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ నాకు కావాల్సింది పరిహారం కాదు. మా నాయన చెవి.

*

తిరుపతి ఊరి బయట రేకుల షెడ్డు. ఉదయం ఎనిమిదింటికే బయట ముప్పై దాకా బైకులున్నాయి. వెనక సీటుకి రెండువైపులా గోతాల్లాంటి సంచులు. లోపల డబ్బాల్ని నేలమీద ఊళ్లవారీగా కుప్పలు పోస్తున్నారు. చంద్రగిరి, పాకాల, రేణిగుంట అని గోడమీద చాక్‌పీసుతో రాసుంది. కంప్యూటర్లో ఎన్ని రంగులున్నా చివరికి చాక్‌పీసే అనుకున్నాను.

మేనేజర్ నాకంటే చిన్నవాడు. రాత్రంతా పడుకోనట్టున్నాడు. నెంబరు చెప్పగానే స్కాన్ చేసి, ఒక పెద్ద నీలం సంచిలోంచి ఆ డబ్బా తీసి చూపించాడు. సబ్బు పెట్టె కంటే కొంచెం పెద్దది. మా నాయన పేరు దానిమీద ఉంది. చెయ్యి చాపాను.

"ఇయ్యడానికి లేదు సార్. ఆర్టీఓ పడిపోయింది."

"ఇక్కడే ఉంది కదండీ. ఆధార్ చూపిస్తాను. నాయనతో వీడియో కాల్ చేయిస్తాను. ఓటీపీ చెప్పిస్తాను."

"ఓటీపీ రాదు సార్. ఆర్టీఓలో పెట్టినాక దాన్ని మళ్లా డెలివరీకి పెట్టేదానికి సిస్టమ్ ఒప్పుకోదు. నేను మీ చేతికిచ్చి పంపిస్తే రేపు ఈ డబ్బా పోయినట్టు లెక్క. నా జీతంలో కోస్తారు."

అరిచాను. ముసలాయనకు చెవి వినపడదు, అది చెవి మిషన్ అని చెప్పాను. ఆ అబ్బాయి ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "నా చేతిలో లేదు సార్," అన్నాడు. డబ్బా అతని చేతిలోనే ఉంది.

ఆ మాట అతను అన్నప్పుడు నేను చప్పున చల్లబడ్డాను. అతని మీద జాలి వచ్చి కాదు. ఆ సిస్టమ్ ఎలా ఆలోచిస్తుందో నాకు తెలుసు కాబట్టి.

ఐదేళ్ల కిందట నేను వేరే కంపెనీలో పని చేసేవాడిని. ఈ కొరియర్‌కీ దానికీ సంబంధం లేదు గానీ పని అదే. డెలివరీ చేసే పిల్లలు వాడే యాప్ రాశాం. ఒక పార్శెల్ ఏయే దశల్లో ఉండొచ్చు, ఒక దశనుంచి ఏ దశకి పోవచ్చు అని బాణాలు గీసిన బొమ్మ ఉంటుంది. ఆర్టీఓ గడిలోకి బాణాలు వస్తాయి, అక్కణ్ణుంచి డెలివరీ గడికి ఒక్క బాణమూ పోదు. అలా గీసింది మేమే. దానికి కారణాలున్నాయి. వెనక్కి పోవాల్సిన డబ్బాని దారిలో ఎవరో దిగమింగి "డెలివరీ అయింది" అని రాయకుండా. మంచి కారణమే.

ఇంకో సంగతి కూడా ఉంది. డెలివరీ కుదరకపోతే ఎందుకు కుదరలేదో చెప్పడానికి యాప్‌లో ఒక లిస్టు ఉంటుంది. మొదటి డిజైన్‌లో ఏడు కారణాలు, చివర్లో "ఇతర కారణాలు" అని, దాని కింద రాసుకోవడానికి ఖాళీ పెట్టె. టెస్టింగ్‌లో పిల్లలు ఆ పెట్టెలో ఏదేదో రాశారు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, తమిళంలో, ఒక్కోసారి ఉత్త చుక్కలు. వాటిని లెక్కపెట్టడం కుదరదు, చార్టు గీయలేం. మీటింగ్‌లో "ఆ పెట్టె తీసేద్దాం, ఏడు కారణాలు చాలు, లోకంలో అంతకంటే ఎక్కువ ఉండవు" అన్నది నేను. అందరూ ఒప్పుకున్నారు. ఆ రిలీజ్‌కి నాకు చిన్న మెచ్చుకోలు కూడా వచ్చింది.

*

మా ఊరివైపు వచ్చే కుర్రాడిని మేనేజరే పిలిచాడు. ఇరవై రెండేళ్లుంటాయి, చంద్రగిరి దగ్గరి పిల్లోడు. డిగ్రీ మధ్యలో మానేశాడు. మొదట బెదిరాడు. టీ తాగుదాం రా అంటే వచ్చాడు.

"మొదటి దినం మూడుసార్లు ఫోన్ చేసినానన్నా. ఎత్తలే." నిజమే. నాయన చొక్కా చిలక్కొయ్యకి తగిలించి బనీనుతో అరుగు మీద కూర్చున్నాడు. ఫోన్ చొక్కా జేబులో మోగింది.

"రెండో దినం అబద్ధమేన్నా. పాకాల పక్కకే రాలేదు. మీ ఊరికి ఒక్క పార్శెలే ఉండె. పోనూ రానూ పెట్రోలు కూడా గిట్టదు. ఇస్తేనే దుడ్లు, ఇయ్యకపోతే ఏం లే. అడ్రస్ ఇన్‌కంప్లీట్ అని కొట్టేసినా." తలొంచుకున్నాడు.

"మరి మూడో రోజు? ఆయన వద్దన్నాడని పెట్టావే?"

"అన్నాడన్నా! దేవుని తోడు. మీ ఊరి మలుపు కాడి అంగట్లోనించి ఫోన్ చేసినా. ఎత్తినాడు. 'సార్, పార్శెల్' అంటే 'వద్దు వద్దు, నాకేం వద్దు, మళ్లా చెయ్యొద్దు' అని గట్టిగా అరిచి పెట్టేసినాడు. నేను రెఫ్యూజ్డ్ అని కొట్టేసినా. ఫోన్ జోబీలో పెట్టుకుంటా ఉంటే అంగడాయన చెప్పినాడు, ఆ అయ్యోరికి చెవుడు, నువ్వు చెప్పింది వినపడి ఉండదు అని. తిరగ తీద్దామని చూస్తే యాప్‌లో రాలే."

సాయంత్రం ఊరికి పోయి నాయనను కాయితం మీద రాసి అడిగాను. కాసేపు ఆలోచించి, "అవునురా. లోనిస్తామని చేస్తానే ఉంటారు గదా. వాళ్లేమో అనుకున్నా," అన్నాడు.

నేను బొత్తిగా అబద్ధమని తీర్మానించిన కథలో ఒకటి సగం నిజం, ఒకటి అబద్ధం, అన్నిటికంటే నాకు కోపం తెప్పించిన మూడోది అక్షరాలా నిజం. వద్దన్నమాట వాస్తవమే. ఎందుకు వద్దన్నాడో రాయడానికి చోటు లేదు, అంతే. చోటుంటే ఆ కుర్రాడు రాసేవాడు. ఎందుకంటే రాశాడు. షెడ్డులో ఆ డబ్బాని చేతిలోకి తీసుకుని చూడనిచ్చినప్పుడు, బార్‌కోడ్ పక్కన బాల్‌పెన్నుతో తెలుగులో రాసుంది: "పెద్దాయనకు చెవుడు. ఫోన్ చెయ్యద్దు. ఇంటికాడికి పోవల్ల."

ఎవరికి రాశావు, ఇది వెనక్కి పోయే డబ్బా కదా అని అడిగితే, "ఎవురో ఒకరు చూస్తారు గదన్నా," అన్నాడు.

*

డబ్బా చెన్నైకి పోయింది. నేను బెంగళూరుకి వచ్చాను. పదమూడో రోజున చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. అమ్మ వీడియో కాల్ చేసి నన్నూ నాయననూ కలిపింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మ ఫోన్ని దాని మూతి దగ్గర పెట్టింది. నాయన స్క్రీన్‌కి మొహం ఆనించి చూస్తూ నవ్వుతున్నాడు. కాసేపటికి, "ఏడస్తా ఉందా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పినా వినపడదు. అందరం తలూపాం.

పదిహేడో రోజున పాకాల రోడ్డులో వెనకనుంచి వస్తున్న ట్రాక్టరు హారన్ ఆయనకు వినపడలేదు. పక్కింటాయన రెక్క పట్టి లాగాడు. మోచెయ్యి గీరుకుంది. ఈ సంగతి నాయన నాకు చెప్పలేదు, పక్కింటాయన చెప్పాడు. అప్పటినుంచి టీ అంగడికి పోవడం మానేశాడట. నేను మెసేజ్ పెడితే "బాగుండాను." అని రాసేవాడు, చుక్కతో సహా.

ఆలస్యం అన్న మాటకి ట్రాకింగ్ పేజీలో రోజులే లెక్క. ఆ రోజుల్లో మనుషులకి ఏం జరుగుతుందో దానికి పట్టదు. ఎవరి డబ్బాలో ఏముందో కొరియర్‌కి తెలియక్కర్లేదు, తెలియకూడదు కూడా. అందుకే ఫోన్ కవరూ చెవి మిషనూ దానికి ఒకటే.

ఈ గోలలో నేను ఒక మనిషి గురించి చదివాను. మన పిన్ కోడ్‌ని రూపొందించింది శ్రీరాం భికాజీ వేలంకర్. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి, సంస్కృత కవి, నాటకాలు కూడా రాశాడు. 1972 ఆగస్టు 15న ఆ ఆరంకెల పద్ధతి మొదలైంది. ఒకే పేరుతో పది ఊళ్లు, పది లిపుల్లో అడ్రసులు, చదవలేని చేతిరాతలు, వీటన్నిటి మధ్య ఉత్తరం దారి తప్పకుండా ఉండటానికి. మొదటి అంకె ప్రాంతం, రెండోది ఉపప్రాంతం, మూడోది సార్టింగ్ జిల్లా, చివరి మూడూ డెలివరీ చేసే పోస్టాఫీసు. నాకిది గొప్పగా అనిపించింది. మా ఊరి భాష రాని మనిషి, మా ఊరు ఎక్కడుందో తెలియని మనిషి కూడా నా ఉత్తరాన్ని సరైన సంచిలో వేయగలడు. 

"ఆ రోజుల్లో పోస్ట్‌మ్యాన్‌కి అందరూ తెలుసు" అని నిట్టూర్చేవాళ్లతో నేను పూర్తిగా కలవలేను. మనల్ని ఎరిగినవాడే మనకి ఉత్తరం ఇవ్వగలిగితే, ఆయన రిటైరైన రోజున మనం కూడా అడ్రసు లేనివాళ్లం అవుతాం. కొత్తగా ఊళ్లోకొచ్చినవాళ్లు, ఊరి చివర ఉండేవాళ్లు అప్పుడు కూడా అందరికీ తెలిసినవాళ్లేం కాదు. ఎరగనివాడు కూడా చేర్చగలగడమే పద్ధతి అంటే.

అయితే పిన్ కోడ్ పోస్టాఫీసు గుమ్మం దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి ఇంటికి మనిషే రావాలి. 2025లో తపాలా శాఖ డిజిపిన్ అని పది అక్షరాల కోడ్ తెచ్చింది. దేశం మొత్తాన్నీ 4 మీటర్లకి 4 మీటర్ల గళ్లుగా కోసి ప్రతి గడికీ ఒక కోడ్ ఇచ్చారు. మా అరుగుకి కూడా ఒకటుంది, చూశాను. చాలా పనికొచ్చేదే. కుర్రాడు మలుపు దగ్గర ఆగి అంగట్లో అడగక్కర్లేదు. కానీ ఆ గడిలో కూర్చున్న మనిషికి వినపడదని ఆ అంగట్లోనే తెలిసింది.

*

రెండోసారి డబ్బా ఇరవై రెండో రోజున చెన్నైలో బయల్దేరింది. ఈసారి సర్వీస్ సెంటర్‌వాళ్లని బతిమాలి అడ్రసు మొదట్లోనే, నాయన పేరు పక్కన, "చెవుడు, ఇంటికి వెళ్లి ఇవ్వాలి" అని టైపు చేయించాను. పేరు రాసే గడిలో 40 అక్షరాలే పడతాయట. "చెవుడు, ఇంటికి వె" దగ్గర ఆగిపోయింది.

ఆ మాత్రం చాలింది. ఇరవై ఆరో రోజున అదే కుర్రాడు వచ్చాడు. ఫోన్ చెయ్యలేదు. బైకు ఆపి నేరుగా అరుగు ఎక్కి, నాయన ముందు డబ్బా పెట్టి, తన ఫోన్లో ఓటీపీ గడి చూపించాడట. నాయన మెసేజ్ తీసి చూపించాడు. తర్వాత అక్కడే డబ్బా చించి, బ్యాటరీ వేసి, మిషన్ చెవికి పెట్టుకున్నాడు. కుర్రాడు ఏదో అంటున్నాడు. నాయన చక్రం తిప్పి సర్దుకున్నాడు. 

ఆ తర్వాత ఆయన నాకు ఫోన్ చేశాడు. దాదాపు నెలన్నర తర్వాత ఆయన గొంతు వినడం, ఆయన నా గొంతు వినడం.

"మిషన్ పెట్టుకున్నాక మొదట ఏం వినపడిందో తెలుసునా?" అన్నాడు.

"ఏం వినపడింది నాయనా?"

"'సార్, ఫైవ్ స్టార్ ఇయ్యండి సార్' అన్నాడా పిల్లోడు. ఏందిరా ఆ స్టార్లు? యాడ ఇయ్యల్ల?"

నాయనకు లింకు వచ్చింది. దాన్ని నాకు పంపితే నేను తెరిచాను. ఐదు నక్షత్రాలు నొక్కాను. కింద ఇంకో ప్రశ్న: మీకు ఏం నచ్చింది? వేగం, మర్యాద, ప్యాకింగ్ అని మూడు బొత్తాలు. వేగం కాదు. ప్యాకింగ్ కాదు. మర్యాద అన్నమాట సరిపోదు. నాలుగోది ఉంటుందేమో అని కిందికి జరిపి చూశాను. లేదు. మర్యాద నొక్కి పంపించేశాను.

పాత కంపెనీలో ఇంకా పని చేస్తున్న స్నేహితుడికి ఆ రాత్రే మెసేజ్ పెట్టాను, ఆ ఖాళీ పెట్టె తిరిగి పెట్టమని, తీసేయమన్నది నేనేననీ. "గుర్తుంది. బ్యాక్‌లాగ్‌లో వేస్తాను," అన్నాడు. బ్యాక్‌లాగ్ అంటే ఏంటో మా ఇద్దరికీ తెలుసు. నెలకోసారి అడుగుతున్నాను.

మొదటిసారి బాల్‌పెన్నుతో రాసిన ఆ కవరు కోసం కూడా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. కొత్త ప్యాకింగ్ చేసినప్పుడు పాతది చెత్తలో వేసేశామన్నారు.